కొలిచి తినుట కృతఘ్నతయగునా?

ధ్యానభాగములు: నిర్గమకాండము 16:13–21, యోహాను 6:5–13, 2 కొరింథీయులకు 8:13–15



బచ్చన్నపేట ప్రాంతమున గృహదర్శనములకు వెళ్లినప్పుడు ఒక సహోదరి మమ్మును అడిగిన ప్రశ్నతో ఈ నెల ధ్యానమును ఆరంభించుచున్నాము. ఆమెకు ఏబది యేండ్లకు దగ్గరగా ఉండును. మోకాళ్ల నొప్పులని ఆసుపత్రికి వెళ్లగా, షుగరు ఉన్నదనియు, బీపీ హెచ్చుగా ఉన్నదనియు, మందులతో పాటు ఎనిమిది కిలోల బరువు తగ్గవలెననియు చెప్పి పంపిరి. పట్టణములో చదువుకొనుచున్న కుమారుడు ఇంటికి వచ్చి, తల్లి తినునదంతయు తూచి, ఏ పూటకు ఎన్ని కేలరీలో ఫోనులో లెక్క వ్రాయుట మొదలుపెట్టెను. ఆమె రెండు దినములు ఊరకుండి మూడవ దినమున అన్నము ముందర కూర్చుండి కంటతడి పెట్టుకొనెనట.

ఆమె మాతో అన్న మాటలు ఇవి: "అయ్యగారు, మా అమ్మ కరువుల గట్క కాసి మాకు పోసి, తాను గంజి తాగి పండుకునేది. ఇయ్యాల దేవుడు కడుపునిండ అన్నం పెడ్తున్నడు. దాన్ని గిన్నెతోని కొల్చి, లెక్క రాసి తినుమంటున్రు. పెట్టేటాయన చెయ్యి వట్టుకొని ఇగ సాలు అన్నట్టు కాదా? దేవునికి కోపం రాదా?"

మేము ఆలోచింపకయే జవాబిచ్చితిమి. దేహము దేవుని ఆలయమని పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక ఆరవ అధ్యాయమును ఎత్తి చెప్పి, ప్రార్థన చేసి వచ్చితిమి. ఆమె తల ఊపినది గాని ఆమె ముఖములో సమాధానము కనబడలేదు. తోవలో మాకే తోచినది: ఆమె అడిగినది దేహమును గూర్చి కాదు, తల్లిని గూర్చి. ఆకలితో పండుకొనిన తల్లి యెదుట, అన్నము తగ్గించుకొనుటకు కూతురికి హక్కు కలదా అని ఆమె అడిగినది. అటువంటి ప్రశ్నకు ఒక వచనము చూపించి వచ్చుట వైద్యుడు నాడి పట్టకయే మందు వ్రాసినట్టుండును.

మన జనగామ ప్రాంతపు సంగతి చదువరులెరుగుదురు. వర్షము తప్పితే బావి యెండును, బోరు యెండును, పిల్లలను ముసలివారికి అప్పగించి వయసువారు వలసపోవుదురు. జొన్న గట్క, మక్క గట్క, అంబలి, ఇవే దినభోజనములు. వరి అన్నము పండుగ నాటి మాట, లేదా జ్వరము వచ్చినవానికి పెట్టు పథ్యము. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చినప్పుడు ఊరూర పొయ్యిమీద వాసన మారినది. 2015 జనవరి నుండి తెలంగాణలో రేషను కార్డులోని ప్రతి మనిషికి నెలకు ఆరు కిలోలు, కిలో ఒక రూపాయి చొప్పున ఇచ్చిరి. 2025 ఉగాది నాడు సన్నబియ్యము ఉచితముగా ఇచ్చు పథకము మొదలైనది. ఒకప్పుడు దొర ఇంటనే వండుకొనిన సన్నన్నము కూలివాని కంచములోనికి వచ్చినది. దీనినిబట్టి దేవునికి స్తోత్రము చెప్పనివాడు ఆకలి ఎరుగనివాడే.

అన్నము వచ్చినది, కాని అదే కాలములో పని వెళ్లిపోయినది. మోట తోలు పని మోటారు తీసికొనెను. కోత పని యంత్రము తీసికొనెను. రోకలి, ఇసుర్రాయి ఇంటి మూలకు చేరినవి. ఆదివారమున మూడు కోసుల దూరమునుండి గుడికి నడచివచ్చిన కుటుంబములు నేడు ఆటోలోనో మోటారు సైకిలుమీదనో వచ్చుచున్నవి. నాగలి పట్టినవాని ఆకలి అలాగే ఉన్నది, నాగలి మాత్రము లేదు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన రాష్ట్రములో స్త్రీలలో నూటికి ముప్పదిమంది, పురుషులలో అంతకు కొంచెము హెచ్చు, ఉండవలసినదానికంటె అధిక బరువుతో ఉన్నారు. అదే సర్వేలో ఆరుగురు స్త్రీలలో ఒకరికి పైగా ఉండవలసినదానికంటె సన్నగా ఉన్నారు. ఒకే వీధిలో ఒక యింట ఎక్కువ తిని రోగము, ప్రక్క యింట తక్కువ తిని రోగము. ఈ రెండవ మాటను మరచిపోవద్దు, మరల దానియొద్దకు రావలసియున్నది.

ఇక ఈ కేలరీ అనునదేమి? ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడెక్కించుటకు పట్టు వేడిమిని ఒక కేలరీ యని ఆహార శాస్త్రజ్ఞులు లెక్కింతురు. కట్టె పొయ్యిలో కాలినట్లు అన్నము మన దేహములో కాలి వేడిమినిచ్చును, పనిచేయు శక్తినిచ్చును. కాలక మిగిలినది కొవ్వుగా నిలువయుండును. అమెరికాలో లూలూ హంట్ పీటర్స్ అను వైద్యురాలు 1918లో వ్రాసిన పుస్తకముతో, బరువు తగ్గుటకు ఈ లెక్క వేయుట అక్కడి ఇండ్లలోనికి ప్రవేశించినది. అదే 1918లో మన దేశమున కూనూరులో మెక్‌కారిసన్ అను వైద్యుడు బెరిబెరి రోగమును, అనగా ఆహారములో లోపమువలన వచ్చు రోగమును, పరిశోధించుటకు ఒక చిన్న విభాగమును ఆరంభించెను. అక్కడ ఎక్కువ తిన్నవారి లెక్క, ఇక్కడ చాలనివారి లెక్క. ఆ కూనూరు విభాగమే పెరిగి 1958లో హైదరాబాదునకు వచ్చి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థయని పేరు పొంది తార్నాకలో పనిచేయుచున్నది. ఏ గింజలో ఏమున్నదో చెప్పు పట్టికలను వారు 2017లో మరల కొత్తగా కొలిచి అచ్చువేసిరి. కావున ఈ లెక్క పరదేశపు వేషమని తోసివేయుటకు వీలులేదు. మన గింజలను మన హైదరాబాదులోనే కొలిచియున్నారు.

ఆ పట్టికలో వంద గ్రాముల బియ్యమునకు 356 కేలరీలు, జొన్నలకు 334. జొన్నరొట్టె తింటే బరువు తగ్గుదుమని నమ్మి పూటకు నాలుగు తినువారు ఈ అంకెలను చూడవలెను. భేదము వేరొకచోట నున్నది: జొన్నలో పీచు పది గ్రాములు, తెల్ల బియ్యములో మూడు గ్రాములకు లోపు. కావున జొన్న త్వరగా కడుపు నింపును, మెల్లగా అరుగును. రేషనులో మనిషికి వచ్చు ఆరు కిలోలను ముప్పది దినములకు పంచితే దినమునకు రెండు వందల గ్రాములు, అనగా ఏడు వందల కేలరీలకు కొంచెము పైన. మన సహోదరి దినమునకు అర్ధకిలో బియ్యపు అన్నము తినుచుండెనని కుమారుని లెక్కలో తేలినది. అన్నముననే సుమారు 1,780 కేలరీలు! దానిమీద తాలింపు నూనె, పెద్ద చెంచాకు 120 చొప్పున. నాలుగు మారులు టీ, కప్పుకు రెండు చెంచాల చక్కెర, అది మరి 160. ఆమె దీనిని చూచి, "నేను పెద్దగ తిననే తినను అనుకుంటి" అన్నది. మనలో అనేకులము అట్లే అనుకొందుము. లెక్క వ్రాయుటవలన కలుగు మేలు ముఖ్యముగా ఇదే: తిన్నదానిని గూర్చి మనము మనతో చెప్పుకొను అబద్ధములు తగ్గును.

ఆ సంస్థవారు 2024లో అచ్చువేసిన సూచనలలో రెండు వేల కేలరీల దినభోజనమునకు ధాన్యములు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు ఆకుకూరలు కలిపి 400 గ్రాములు అని చెప్పిరి. మన కంచములో అన్నము గుట్టగాను కూర గోరంతగాను ఉండును. వారు చెప్పుచున్నది దాదాపు దానికి తలక్రిందులు. గంగవాయిలి కూర, తోటకూర, సొరకాయ, పెసరపప్పు, పలుచని మజ్జిగ, గ్రుడ్డు, ఇవి మనకు తెలియనివి కావు. ఈ మధ్య ఒకాయన నూనె త్రాగుమనును, మరియొకాయన ఉప్పు మానుమనును, ఇంకొకాయన సిరిధాన్యములే తినుమనును. వీడియోలు చూచి ఇంటింట ఒక మతభేదము పుట్టినది! అన్నిటిలోను ఏదో కొంత ఉండవచ్చును, మేము తీర్పరులము కాము. గాని రోగముండి మందులు వాడువారు వీడియోను నమ్మి మందు మానవద్దని మాత్రము గట్టిగా చెప్పుచున్నాము.

ఇప్పుడు గ్రంథము తెరచి చూతము. నిజాయితీగా ఒప్పుకొనవలసినదేమనగా, బరువు తగ్గుడని ఆజ్ఞాపించు వచనము పరిశుద్ధ గ్రంథములో లేదు. ఆ గ్రంథపు జనులు కరువు నెరిగినవారు. వారికి క్రొవ్విన దూడ సంతోషము, బక్క ఆవులు భయంకరమైన కల. దానియేలును అతని స్నేహితులును పదిదినములు శాకధాన్యములు తిని నీళ్లు త్రాగిరని చెప్పి, దానిని బరువు తగ్గు పథ్యముగా కొందరు నేడు ప్రచురించుచున్నారు. వారు మొదటి అధ్యాయము పదునైదవ వచనము వరకు చదివినట్టు లేదు. పదిదినములైన తరువాత ఆ యౌవనులు రాజభోజనము తిన్నవారికంటె పుష్టిగా కనబడిరని అక్కడ వ్రాయబడియున్నది. దానియేలు కోరినది సన్ననగుట కాదు, రాజు బల్లకు దాసుడు కాకుండుట.

స్థూలకాయుడని గ్రంథము పేరెత్తి చెప్పినవారిలో యాజకుడైన ఏలీ ఒకడు. అతడు వృద్ధుడు, భారీ మనిషి. పీఠముమీదనుండి పడి మరణించెను. అతనిని చూచి నవ్వుటకు ముందు 1 సమూయేలు రెండవ అధ్యాయము చదువవలెను. జనులు దేవునికి తెచ్చిన నైవేద్యములో శ్రేష్ఠమైన భాగములు తీసికొని ఆ యింటివారు క్రొవ్వుచున్నారని దేవుడు తప్పు పట్టెను. అక్కడ దోషము బరువు కాదు, ఇతరుల భాగమును మింగుట. సొదొమను గూర్చి యెహెజ్కేలు పదునారవ అధ్యాయములో చెప్పినదియు ఇటువంటిదే: సమృద్ధిగా అన్నము, తీరిక, వాటిమధ్య దరిద్రుని చేయి పట్టకపోవుట.

ఇవన్నియు చదివిన తరువాత మన్నా కథయొద్ద ఆగితిమి. ఐగుప్తు విడిచి వచ్చినవారు ఆకలితో సణిగిరి. దేవుడు ఆకాశమునుండి ఆహారము కురిపించెను. కురిపించినవాడే కొలతను కూడ నియమించెను: తలకు ఒక్కొక్క ఓమెరు. ఓమెరు అనగా సుమారు రెండు లీటర్లు పట్టు పాత్ర. ఆకలిగొన్నవారికి అన్నమిచ్చు నాడే కొలపాత్ర కూడ చేతికిచ్చెను. మరునాటికని దాచినది పురుగుపట్టెను. అధికముగా కూర్చుకొన్నవానికి మిగులలేదు, కొంచెమే కూర్చుకొన్నవానికి తక్కువ కాలేదు. కావున కొలుచుట పెట్టువాని చేయి పట్టుకొని ఆపుట కాదు. ఆ చేతిలోనుండియే కొలత వచ్చినది.

అయితే పౌలు ఈ మన్నా కొలతను ఎక్కడ వాడుకొనెనో గమనించుడి. కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక ఎనిమిదవ అధ్యాయములో, యెరూషలేములోని బీద పరిశుద్ధులకు చందా పోగుచేయుచు వాడుకొనెను. మీ సమృద్ధి వారి కొరతకు ఉపయోగపడవలెనని అతని భావము. అనగా ఓమెరు నాకొక్కనికే పెట్టిన హద్దు కాదు, ప్రక్క గుడారమువానికి కూడ దొరకవలెనని పెట్టిన హద్దు. ఫోనులో వ్రాయు లెక్కలో నేను తిన్నది, నేను తినకుండ విడిచినది ఉండును. విడిచినది ఎవరికి చేరినదను వరుస అందులో లేదు. అది లేని లెక్క సగము లెక్క. మన సంఘములలో వంటవేళ పిడికెడు బియ్యము దేవునికని తీసి కుండలో వేయు ఆచారమున్నది. సోలతో కొలుచుకొని, కొలిచినదానినుండి పిడికెడు తీసిన మన అవ్వలకు కొలతయు కృతజ్ఞతయు రెండని తోచియుండదు.

స్త్రీలను గూర్చి ఒక మాట చెప్పక పోలేము. మన ఇండ్లలో తల్లి అందరికంటె వెనుక తినును. చారెడు అన్నము, గిన్నె అడుగున కూర, పిల్లవాడు విడిచిన రొట్టె మిగిలియుండును. అన్నము పారవేయుట పాపము గదా! ఆకలి తీరిన తరువాత కూడ ఆమె దానిని తినివేయును. కరువు నాడు అదే అందరికంటె తక్కువ తిన్న స్థానము, సమృద్ధి నాడు అదే అందరికంటె ఎక్కువ తిను స్థానమైనది. యోహాను ఆరవ అధ్యాయములో ప్రభువు అయిదువేలమందిని తృప్తిపరచి, ఏమియు నష్టపడకుండ మిగిలిన ముక్కలను పోగుచేయుమనెను. శిష్యులు వాటిని పండ్రెండు గంపలలో నింపిరి. తినివేయుమని ఆయన చెప్పలేదు! వ్యర్థము కాకుండ కాపాడుటకు గంప కలదు. ఆ యింటి తల్లి కడుపు గంప కాదు. మరి గంప నిండకుండ వండుటయు ఒక జ్ఞానమే. ఆ పని ఆమె ఒక్కతెది కాదు. ఎవరెంత తిందురో వంటకు ముందు చెప్పుట మగవారు నేర్చుకొనవలెను.

ఇక మా తప్పును ఒప్పుకొనెదము. క్రిస్మసు ప్రేమవిందులో వడ్డించుచు, "అట్లంటే ఎట్లమ్మా, ఇంకింత వేసుకో, పండుగ గదా" అని అదే సహోదరి చేయి త్రోసి అన్నము వేసినవారము మేమే. ఆమె మా మాట కాదనలేక తిన్నది. మన ప్రాంతమున పెట్టుట ప్రేమ, వద్దనుట అవమానము. "చిక్కిపోయినవేంది?" అని అడుగుట పరామర్శ. ఇది మంచి హృదయమునుండి వచ్చినదే. గాని షుగరు ఉన్నవారి యెదుట మన ప్రేమను తృప్తిపరచుకొనుటకు వారి దేహమును వాడుకొనుచున్నామేమో విచారించుకొనవలసి యుండెను. మేము విచారించుకొనలేదు.

వ్యాయామమును గూర్చి తిమోతికి వ్రాసిన మొదటి పత్రికలో పౌలు అది కొంచెము మట్టుకే ప్రయోజనకరమన్నాడని బద్ధకస్తులు సంతోషించుదురు. కొంచెము అన్నాడు, శూన్యమనలేదు. అతడు మాత్రము త్రోయనుండి అస్సుకు తన తోటివారిని ఓడ ఎక్కించి తాను కాలినడకను పోయెను (అపొస్తలుల కార్యములు 20:13). అది సుమారు ముప్పది కిలోమీటర్లు. లెక్క ప్రకారము కూడ పౌలు మాట సరియే. అరువది కిలోల మనిషి గంటసేపు నడిచితే ఖర్చగునది సుమారు రెండు వందల కేలరీలు, రెండు పెద్ద చెంచాల నూనెకు చాలదు. తిండి మార్చక నడచినంతనే బరువు పోదు. అయినను నడకవలన రక్తములోని చక్కెరయు బీపీయు అదుపునకు వచ్చును, నిద్ర పట్టును, ఒంటి బలము నిలుచును. మా సహోదరి సాయంకాలము ఇద్దరు స్త్రీలతో చెరువు కట్టమీద నడచుట మొదలుపెట్టినది. మొదట జనులు నవ్విరి. పనిలేక నడచుట ఎక్కడైనా కలదా అని. ఇప్పుడు అయిదుగురు నడచుచున్నారు.

ఒక కిలో కొవ్వు తరుగుటకు సుమారు 7,700 కేలరీల తగ్గుదల కావలెను. దినమునకు అయిదు వందలు తగ్గించిన పక్షమున మొదట రెండు వారములకు ఒక కిలో, తరువాత ఇంకను మెల్లగా. నెలకు పది కిలోలని చెప్పువారి మాట వినవద్దు. గర్భిణులు, పాలిచ్చు తల్లులు, ఎదుగు పిల్లలు ఈ లెక్కలోనికి దిగవద్దు. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడువారు డాక్టరును అడుగక ఉపవాసముండవద్దు, శ్రమకాలమునందైనను సరే. ప్రయత్నింపకయే బరువు తగ్గుచున్న యెడల సంతోషింపక ఆసుపత్రికి వెళ్లుడి. క్షయయో షుగరో మరియొకటో అయియుండవచ్చును. పురుషునికి నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు, స్త్రీకి 80 దాటినచో పరీక్ష చేయించుకొనుట మంచిది. దర్జీయొద్దనున్న టేపు చాలును.

ఇంకొక అపాయము మా కంటబడినది. నాలుగు కిలోలు తగ్గిన తరువాత మా సహోదరి ఇతరుల కంచములవైపు చూచుట మొదలుపెట్టెను. ఎవరు రెండవమారు వేయించుకొనిరో గుర్తుంచుకొనెను. ఒకనాడు లావుగా నున్న తన మరదలిని నలుగురిలో ఒక మాట అన్నది. మరదలు భోజనము విడిచి లేచిపోయెను. ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదని తరువాత మాతో చెప్పి, "బరువు దిగింది గని గర్వం ఎక్కింది అయ్యగారు" అన్నది. మరునాడు తానే పోయి మరదలి చేతులు పట్టుకొనెనట. ఉపవాసులు ముఖము వికారము చేసికొనకూడదని ప్రభువు చెప్పినది ఇటువంటి సమయమునకే. దేహముల లావు సన్నములకు కారణములు వేరు వేరు: పుట్టుక, మందులు, దుఃఖము, రాత్రి కాపలా పని. త్రాసు బరువును చెప్పును గాని మనిషిని చెప్పదు.

ఇటీవల మరల ఆమె ఇంటికి వెళ్లితిమి. ఎనిమిదింట ఆరు కిలోలు తగ్గినవి, షుగరు మాత్ర సాగుచునే యున్నది. ఫోనులో వ్రాయుట ఎప్పుడో మానినది. ఇప్పుడు పాత సోల ఒకటి బియ్యపు డబ్బాలో ఉన్నది, దాని ప్రక్కనే పిడికెడు బియ్యపు కుండ. తల్లిని గూర్చి అడుగవలెనని మేము అనుకొనుచుండగా ఆమెయే చెప్పినది: "మా అమ్మ ఉంటే ఆమెకు ముందుగల పెడ్దును. ఆమె తినంగ చూసి నేను తక్కువ తిందును." మమ్మును భోజనమునకు కూర్చుండబెట్టి, జొన్నరొట్టె, గంగవాయిలి పప్పు, కొంచెము అన్నము వడ్డించినది. రెండవమారు గరిటె ఎత్తి, "ఇంకింత?" అన్నది. "చాలమ్మా" అంటిమి. ఆమె బలవంతపెట్టలేదు. గరిటె దించి, మిగిలిన అన్నముమీద పప్పు పోసి, గిన్నెకు మూతపెట్టి, మనుమరాలిని పిలిచి, కొడుకులు హైదరాబాదుకు పోగా ఒంటరిగా నున్న ప్రక్కింటి ముసలామెకు ఇచ్చిరమ్మని పంపినది.